స్థిరాస్తిలో పెట్టుబడి: ఏ ఆస్తి కొనాలి, ఎంత అప్పు చేయాలి, ఎన్నాళ్లు ఉంచుకోవాలి

స్థిరాస్తిలో డబ్బు పోయే దారులు ప్రధానంగా రెండు. విలువకు మించిన ధర పెట్టి కొనడం ఒకటి. అమ్మకూడని సమయంలో, వచ్చినకాడికి తెగనమ్ముకోవలసి రావడం మరొకటి. కొనేటప్పుడు అందరి దృష్టీ మొదటిదాని మీదే ఉంటుంది. బేరమాడతారు, చుట్టుపక్కల ధరలు విచారిస్తారు, తెలిసినవారిని నలుగురిని అడుగుతారు. రెండోదాని గురించి ఆలోచన వచ్చేది మాత్రం వాయిదా కట్టడానికి చేతిలో డబ్బు లేని నెలలోనే. పెట్టుబడిదారును కోలుకోలేనంతగా దెబ్బతీసేది ఈ రెండోదేనని నా గట్టి అభిప్రాయం. అందువల్ల ఇక్కడ ప్రతి ఎంపికనూ ఒకే ప్రశ్నతో తూచి చూస్తాను: గడ్డుకాలం వస్తే ఈ ఆస్తిని అమ్మకుండా ఎంతకాలం నిలబెట్టుకోగలం?

ఓపిక పడితే భూమి ధర ఎప్పటికైనా పెరుగుతుందన్న మాటలో సగమే నిజం ఉంది. అమెరికాలో ఇళ్ల ధరలు 2006, 2012 సంవత్సరాల మధ్య దేశం మొత్తం మీద సగటున నాలుగో వంతుకు పైగా పడిపోయి, ఆ తర్వాత కోలుకున్నాయి. ఆ మధ్యకాలంలో వాయిదాలు ఆపకుండా కట్టగలిగినవారికి ఆ పతనం కాగితం మీది నష్టంగానే మిగిలింది. కట్టలేకపోయిన లక్షలాది కుటుంబాల ఇళ్లు జప్తుకు పోయాయి. జపానులో జరిగింది వేరు. అక్కడ 1991 ప్రాంతంలో శిఖరానికి చేరిన భూముల ధరలు ఆ తర్వాత పదేళ్లకు పైగా ఏటేటా తగ్గుతూనే వచ్చాయి. అద్దె లేకుండా ధర పెరుగుదలను మాత్రమే నమ్ముకున్నవారికి అక్కడ ఎంత ఓపిక ఉన్నా అక్కరకు రాలేదు. ఈ రెండు అనుభవాలనూ కలిపి చూస్తే తేలేది ఒక్కటే. ఆస్తి తన ఖర్చు తాను భరించుకోగలగాలి. అది భరించుకోలేని కాలంలో ఆ లోటు పూడ్చే శక్తి యజమానికి ఉండాలి.

పోల్చే ముందు లెక్క సరిచూసుకోవాలి

ఏ రెండు ఆస్తులను పోల్చదలచుకున్నా, అమ్మేవారు చెప్పే అద్దె రాబడిని పక్కన పెట్టి, చేతికి మిగిలే రాబడిని సొంతంగా లెక్క కట్టుకోవాలి. ఒక ఇంటి ధర 100 అనుకుందాం. కింది లెక్కలన్నీ ఈ 100ను ఆధారం చేసుకున్నవే గనుక ఏ దేశపు డబ్బులోనైనా వాటిని చదువుకోవచ్చు. ఏడాదికి 7 అద్దె వస్తుంటే అమ్మకందారు దాన్ని 7 శాతం రాబడి అంటాడు. అయితే రిజిస్ట్రేషన్, న్యాయవాది ఫీజు, మధ్యవర్తి కమీషన్, మొదట చేయించే మరమ్మతులు అన్నీ కలిపి మరో 8 ఖర్చయితే మన పెట్టుబడి 100 కాదు, 108. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే అద్దెలో దాదాపు 0.6 పోతుంది. ఆస్తి పన్ను, బీమా, మరమ్మతులు, ఇంటి బాగోగులు చూసే మనిషికి ఇచ్చేది కలిపి 1.4 అయిందనుకుంటే చివరికి మిగిలేది 5. అంటే 108 పెట్టి 5 సంపాదించాం. శాతంలో చెబితే 4.6. ఏడు అని విన్నది నాలుగున్నర దగ్గర ఆగింది. ఆదాయపు పన్ను ఇంకా లెక్కలోకి రానేలేదు.

మరమ్మతుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కొళాయి కారడం, గోడకు సున్నం వేయించడం వంటి చిన్న ఖర్చులు ఏటా కనబడతాయి గనుక వాటిని ఎవరూ మరచిపోరు. పైకప్పు నీరు కారకుండా పూత వేయించడం, విద్యుత్ తీగలన్నీ మార్చడం, అపార్టుమెంటు అయితే లిఫ్టు మార్చడానికి వాటా చెల్లించడం వంటివి పదేళ్లకో పదిహేనేళ్లకో ఒకసారి వచ్చి, రెండు మూడేళ్ల అద్దెను ఒక్కసారిగా మింగేస్తాయి. ఏటా ఆస్తి విలువలో ఒక శాతం మరమ్మతులకని విడిగా తీసి ఉంచాలన్నది అనుభవజ్ఞులు పాటించే మోటు లెక్క. పాత కట్టడానికి అది చాలదు, కొత్త కట్టడానికి కొంత ఎక్కువ కావచ్చు. కానీ సున్నా వేసుకోవడం కంటే ఎంతో మేలు.

ఈ నికర రాబడి పక్కనే మరో రెండు సంఖ్యలు రాసుకోవాలి. ఒకటి, అద్దె పూర్తిగా ఆగిపోతే మన జీతం, పొదుపులతో ఈ ఆస్తి ఖర్చులూ వాయిదాలూ ఎన్ని నెలలు భరించగలం అన్నది. రెండోది, అమ్మదలచుకుంటే న్యాయమైన ధరకు చేతికి డబ్బు రావడానికి ఎన్ని నెలలు పడుతుందన్నది. మొదటి సంఖ్య రెండోదానికంటే చిన్నదైతే ఆ ఆస్తి ఎంత ఆకర్షణీయంగా ఉన్నా మనకు తగినది కాదు. కొనుగోలుదారు దొరికి, కాగితాలు పూర్తయి, డబ్బు అందేలోపే మన నిల్వ అయిపోతుందని దాని అర్థం.

ఖాళీ స్థలమా, అద్దె ఇల్లా?

మొదటిసారి పెట్టుబడి పెట్టేవారు ఎక్కువగా తటపటాయించేది ఈ రెండింటి మధ్యనే. స్థలానికి మరమ్మతులు ఉండవు, అద్దెకున్నవారితో తగవులు ఉండవు, కట్టడం పాతబడుతుందన్న దిగులూ ఉండదు. కాలంతో పాటు విలువ పెరిగేది భూమే గాని దాని మీది కట్టడం కాదన్న మాటా నిజమే. అందుకే చాలామందికి స్థలం సుఖమైన పెట్టుబడిగా కనబడుతుంది. కానీ ఆ సుఖానికి చెల్లిస్తున్న ధర ఎంతో లెక్క వేసి చూసేవారు తక్కువ.

పై ఉదాహరణలోని 108ని 6 శాతం వడ్డీ వచ్చే భద్రమైన డిపాజిట్‌లో పదేళ్లు ఉంచితే చక్రవడ్డీతో 193 అవుతుంది. అదే డబ్బుతో స్థలం కొంటే పదేళ్లూ రాబడి లేదు. పన్ను, కంచె, ఆక్రమణ జరగకుండా కాపలా వంటి వాటికి ఏటా 0.5 చొప్పున ఎదురు పెట్టాలి. ఆ మొత్తానికి పోయిన వడ్డీ కూడా కలుపుకుంటే, చివర అమ్మకపు ఖర్చు 2 శాతం తీసేస్తే, డిపాజిట్‌తో సరిసమానం కావడానికే 100 పెట్టి కొన్న స్థలం 204కు అమ్ముడుపోవాలి. అంటే ఏటా దాదాపు 7.4 శాతం చొప్పున పదేళ్లు ఎడతెగకుండా పెరగాలి. పదేళ్లలో రెట్టింపయిందని సంతోషంగా చెప్పుకునే స్థలం నిజానికి భద్రమైన డిపాజిట్ కంటే కాస్త వెనకబడే ఉందన్నమాట.

అద్దె ఇంటికి ఇదే పరీక్ష పెడితే ఫలితం వేరుగా ఉంటుంది. ఏటా 4.6 శాతం చేతికి అందుతున్నందున, డిపాజిట్‌ను అందుకోవడానికి ఇంటి ధర పెద్దగా పెరగనక్కరలేదు. ఇంటి ధర పదేళ్లు కదలకుండా నిలిచిపోయినా యజమానికి ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. స్థలం ధర కదలకపోతే మిగిలేది ఖర్చే. నెలనెలా మిగులు ఆదాయం బాగా ఉండి, అప్పు లేకుండా, ఆ ప్రాంతానికి రోడ్డో నీళ్లో ఉపాధో వస్తోందనడానికి కంటికి కనిపించే ఆధారం ఉండి, పదిహేనేళ్ల వరకు ఆ డబ్బు అవసరం పడదని నిశ్చయంగా తెలిసినవారు స్థలం కొనవచ్చు. అప్పు చేసి ఖాళీ స్థలం కొనడాన్ని మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను. రాబడి లేని ఆస్తి మీద వడ్డీ కట్టేవారు తమ జీతాన్ని ఆ స్థలానికి తాకట్టు పెట్టినట్టే.

ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా హక్కు పత్రాల పరిశీలన మీద పెట్టే ఖర్చు తగ్గించుకోకూడదు. యాజమాన్యం చేతులు మారిన క్రమం, ఆస్తి మీద పాత అప్పులు, వారసుల వాటాలు, ప్రభుత్వ సేకరణ ప్రతిపాదనలు, కొలతలు వీటన్నింటినీ అమ్మేవారితో ఏ సంబంధమూ లేని న్యాయవాది చేత చూపించుకోవాలి. వివాదంలో పడిన ఆస్తికి అమ్మకపు కాలం నెలల్లో కాక సంవత్సరాల్లో ఉంటుంది గనుక పైన రాసుకున్న సంఖ్యలన్నీ దానితో తలకిందులవుతాయి.

దుకాణాలు, కార్యాలయాలు

వాణిజ్య ఆస్తికి అద్దె శాతం సాధారణంగా ఇంటికంటే ఎక్కువ. ఒప్పందాలు దీర్ఘకాలం ఉంటాయి, లోపలి మరమ్మతులు చాలాసార్లు అద్దెదారే భరిస్తాడు. కానీ ఖాళీ పడితే మాత్రం మళ్లీ నిండడానికి ఎక్కువ కాలం పడుతుంది. 9 నికర అద్దెతో ఐదేళ్లు నడిచి, ఆ తర్వాత పది నెలలు ఖాళీగా ఉన్న దుకాణాన్ని లెక్క వేస్తే ఏటికి సగటు 7.7 అవుతుంది. ఇది ఇంటి రాబడి కంటే మెరుగే. అయితే సగటు మన వాయిదా కట్టదు. ఖాళీగా ఉన్న పది నెలలూ జేబులోంచి కట్టవలసింది యజమానే. ఇల్లు ఖాళీ అయితే అద్దె కొంచెం తగ్గించి మరో కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. వ్యాపారం నడవని వీధిలోని దుకాణానికి అద్దె సగం చేసినా అడిగేవారు ఉండకపోవచ్చు. 2020 తర్వాత ఇంటి నుంచి పని చేసే పద్ధతి స్థిరపడిన అనేక నగరాల్లో కార్యాలయ భవనాలకు ఇదే జరిగింది. కనీసం ఏడాది ఖర్చులకు సరిపడే నిల్వ లేనివారు మొదటి పెట్టుబడిగా దుకాణాన్ని ఎంచుకోకపోవడమే క్షేమం.

నేరుగా ఆస్తి కొనాలా, రీట్ యూనిట్లు కొనాలా?

రీట్ అంటే అనేకమంది పెట్టుబడిదారుల డబ్బును సమీకరించి కార్యాలయాలు, మాల్స్, గోదాములు, నివాస సముదాయాల వంటివి కొని, వచ్చిన అద్దెను వారికి పంచే సంస్థ. 1960లో అమెరికా చేసిన చట్టంతో ఈ పద్ధతి మొదలై, తర్వాత అనేక దేశాలకు వ్యాపించింది. అమెరికా చట్టం ప్రకారం పన్ను విధించదగిన ఆదాయంలో కనీసం 90 శాతాన్ని రీట్ సంస్థలు పెట్టుబడిదారులకు పంచాలి; చాలా దేశాలు ఇలాంటి నిబంధననే పెట్టుకున్నాయి.

అమ్మకపు కాలం విషయంలో రీట్‌కు సాటి వచ్చే స్థిరాస్తి లేదు. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన యూనిట్లను ఇవాళ అమ్మితే కొద్ది రోజుల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. కావలసినంత మేరకే అమ్ముకోవచ్చు కూడా. పిల్లల చదువుకు డబ్బు అవసరమైనప్పుడు ఇంట్లో ఒక గదిని విడిగా అమ్మలేం, రీట్‌లో పదో వంతును అమ్మగలం. ఒకే కట్టడం, ఒకే అద్దెదారు మీద ఆధారపడే ప్రమాదమూ ఉండదు. దీని లోపం ఏమిటంటే ధర ప్రతిరోజూ కళ్ల ముందు ఊగిసలాడుతుంది. 2008 సంక్షోభంలోనూ, వడ్డీ రేట్లు వేగంగా పెరిగిన 2022లోనూ రీట్ యూనిట్ల ధరలు తీవ్రంగా పడ్డాయి. అటువంటి సమయంలో మన ఇంటి ధర కూడా తగ్గే ఉండవచ్చు. కాకపోతే దాని ధరను రోజూ ఎవరూ వచ్చి చెప్పరు గనుక మనం నిశ్చింతగా ఉంటాం. ఆ నిశ్చింతను భద్రతగా పొరబడకూడదు.

నేరుగా కొన్న ఆస్తికి రీట్‌లో లేని మేలు ఒకటుంది. వంటగది బాగుచేయించి, అదనపు గది వేయించి, నమ్మకమైన అద్దెదారును చూసుకుని మన శ్రమతో దాని రాబడిని పెంచుకోవచ్చు. అందుకు తీరికా ఆసక్తీ ఉన్నవారికి సొంత ఆస్తే మంచిది. ఆస్తి ఉన్న ఊరికి దూరంగా ఉంటూ ఫోన్ల మీద పనులు నడిపించుకోవలసినవారికీ, పెట్టుబడి చిన్నది గనుక తలకు మించిన అప్పు చేస్తే తప్ప ఇల్లు కొనలేనివారికీ రీట్ మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను.

నిర్మాణంలో ఉన్నదా, కట్టడం పూర్తయినదా?

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు ధర తక్కువగా ఉండటానికి కారణం, ఆ తగ్గింపుకు బదులుగా నిర్మాణ సంస్థ భరించవలసిన ప్రమాదంలో కొంత మనం తలకెత్తుకోవడమే. పూర్తి కావడానికి మూడేళ్లు పడితే ఆ మూడేళ్లూ అద్దె రాదు. అప్పు తీసుకుని ఉంటే వడ్డీ మాత్రం ఆగదు. ఏడాదికి 5 నికర రాబడి వచ్చే ఇంటికి మూడేళ్లలో పోయేది 15. కాబట్టి తగ్గింపు కనీసం ఆ 15తో పాటు ఆలస్యానికి, నాణ్యత లోపానికి, అసలు పూర్తికాకపోవడానికి తగిన పరిహారాన్ని కూడా ఇవ్వాలి. పదో పన్నెండో శాతం తగ్గింపు చూసి తొందరపడితే ఆ ప్రమాదాన్ని ఉచితంగా మోసినట్టవుతుంది. చైనాలో ఎవర్‌గ్రాండ్ సంస్థ 2021లో అప్పులు చెల్లించలేక చేతులెత్తేసింది. అక్కడ అనేక ప్రాజెక్టులు మధ్యలో నిలిచిపోగా, 2022లో పలు నగరాల కొనుగోలుదారులు పూర్తికాని ఇళ్లకు వాయిదాలు కట్టబోమని బహిరంగంగా ప్రకటించేదాకా వ్యవహారం వెళ్లింది. అప్పు మీద కొనేవారికి పూర్తయిన ఇల్లే తగినది. పూర్తి నగదుతో కొంటూ, ఆలస్యాన్ని తట్టుకోగలిగి, నిర్మాణ దశలను బట్టి మాత్రమే చెల్లించే ఒప్పందం దొరికినవారు నిర్మాణంలో ఉన్నదాన్ని పరిశీలించవచ్చు.

అప్పు ఎంత?

ఆస్తిని ఎంచుకోవడం కంటే అప్పు పరిమాణాన్ని ఎంచుకోవడమే పెద్ద నిర్ణయం. అదే ఇంటిని ముగ్గురు మూడు విధాలుగా కొన్నారనుకుందాం. ధర 100, ఖర్చులు 8, ఏటా నికర రాబడి 5. మొదటివారు అప్పు లేకుండా కొన్నారు. రెండోవారు 40 అప్పు చేశారు. మూడోవారు 70 అప్పు చేశారు. వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లు.

మూడోవారి వాయిదాలు ఏడాదికి 7.03 అవుతాయి. ఇల్లు తెచ్చేది 5. మిగిలిన 2.03 ప్రతి ఏడాదీ వారి జీతం నుంచి రావాలి. మొదటి ఏడాది కట్టిన 7.03లో వడ్డీయే దాదాపు 5.55, అసలు తగ్గేది 1.48 మాత్రమే. ఇల్లు సంపాదించేది వడ్డీకి కూడా చాలడం లేదు. రెండోవారి వాయిదాలు ఏడాదికి 4.02. వీరికి ఇల్లే వాయిదా కట్టి, ఇంకా 1 దాకా మిగులుస్తుంది. నికర రాబడిని వాయిదాలతో భాగిస్తే వీరికి వచ్చే నిష్పత్తి 1.25కు కొంచెం తక్కువ. వాణిజ్య ఆస్తుల మీద అప్పిచ్చే సంస్థలు సాధారణంగా కోరుకునే హద్దు దాదాపు ఇదే. సొంత డబ్బు పెట్టే పెట్టుబడిదారు తన విషయంలో అప్పిచ్చేవాడి కంటే తక్కువ జాగ్రత్తగా ఉండటానికి నాకు ఏ కారణమూ కనబడదు.

అయినా మూడోవారి దారినే చాలామంది ఎంచుకుంటారు. ధర 10 శాతం పెరిగితే 108 పెట్టినవారికి వచ్చేది 9 శాతం లాభం. సొంతంగా 38 మాత్రమే పెట్టినవారికి అది 26 శాతం. ఈ లెక్క నిజమే, దీన్ని చూపించే అమ్మకందారు అబద్ధం చెప్పడం లేదు. కానీ ధర 10 శాతం తగ్గినా అదే 26 శాతం నష్టంగా వస్తుంది, 30 శాతం తగ్గితే చెల్లించిన డౌన్ పేమెంటు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఉద్యోగాలు పోయేదీ, అద్దెలు తగ్గేదీ, ఇళ్ల ధరలు పడేదీ తరచూ ఒకే కాలంలో కావడం ఇందులో అసలు ప్రమాదం. ఏటా 2.03 లోటును పూడ్చే జీతం ఆగిన ఏడాదిలోనే కొనేవారు దొరక్కుండా పోతారు, ఆస్తిని తెగనమ్ముకోవలసి వచ్చేది అప్పుడే.

అప్పు వడ్డీ రేటు ఆస్తి నికర రాబడి కంటే ఎక్కువగా ఉన్నప్పుడు ప్రతి అదనపు అప్పూ మన రాబడిని తగ్గిస్తుంది. ఆ తగ్గుదలను పూడ్చే బాధ్యతంతా ధర పెరుగుదల మీద పడుతుంది. రాబడి వడ్డీ కంటే ఎక్కువగా ఉన్న చోట అప్పు మనకు పని చేసిపెడుతుంది. కాబట్టి ఎంత అప్పు దొరుకుతుందని కాక, ఇల్లు ఒంటరిగా ఎంత అప్పును మోయగలదని అడగాలి. ఆ హద్దు దాటక తప్పదనుకుంటే, దాటిన మేరకు కనీసం ఏడాది వాయిదాలకు సమానమైన డబ్బును ఎవరూ ముట్టుకోని ఖాతాలో ముందుగా ఉంచుకుని, ఆ తర్వాతే సంతకం చేయాలి.

స్థిర వడ్డీనా, మారే వడ్డీనా?

మారే వడ్డీతో తీసుకున్న అప్పు మొదట్లో చౌకగా ఉంటుంది. అది ఖరీదయ్యే తీరును మాత్రం దగ్గర నుంచి చూడాలి. 70 అప్పు, 8 శాతం, 20 ఏళ్లు. నెలకు కట్టేది 0.5855. తీసుకున్న కొద్ది కాలానికే రేటు 10 శాతానికి పెరిగిందనుకుందాం. 70 మీద నెల వడ్డీయే 0.5833 అవుతుంది. అంటే మనం కట్టే వాయిదాలో వడ్డీకి పోగా అసలుకు చేరేది 0.0022. వాయిదా పెంచకుండా గడువు మాత్రమే పొడిగించుకుంటూ పోతే ఈ అప్పు తీరడానికి దాదాపు 56 ఏళ్లు పడుతుంది. వాయిదా మారలేదు గనుక ఏమీ జరగలేదనే అనుకుంటూ ఉంటారు. వార్షిక ఖాతా వివరాలు తెరిచి చూస్తే అసలు కదలనేలేదని అప్పుడు తెలుస్తుంది. గడువును అలాగే ఉంచి వాయిదానే పెంచుకుంటే అది ఏడాదికి 7.03 నుంచి 8.11కు చేరుతుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 మార్చి నుంచి 2023 జూలై వరకు తన కీలక రేటును దాదాపు సున్నా నుంచి 5.25–5.50 శాతానికి తీసుకుపోయింది. అనేక దేశాల కేంద్ర బ్యాంకులూ ఆ బాటలోనే నడిచాయి. అమెరికాలో 30 ఏళ్ల స్థిర వడ్డీ అప్పు సర్వసాధారణం గనుక అప్పటికే అప్పు తీసుకున్నవారి వాయిదాలు కదలలేదు. కొన్నేళ్లకే రేటు మారే అప్పులు వాడుకలో ఉన్న బ్రిటన్, కెనడా వంటి దేశాల్లో ఆ భారం కుటుంబాల మీద నేరుగా పడింది.

స్థిర వడ్డీకి అర శాతమో ముప్పావు శాతమో ఎక్కువ అడిగితే దాన్ని బీమా ప్రీమియంగా చూడటం న్యాయం. ఇంటి రాబడికీ వాయిదాకూ మధ్య మిగులు తక్కువగా ఉన్నవారికి ఆ బీమా అవసరం. ద్రవ్యోల్బణం పెరిగితే అద్దెలు పెరిగి వాయిదా అక్కడే ఉండిపోవడం వారికి అదనపు లాభం. అప్పు చిన్నదై, నాలుగైదేళ్లలో తీర్చేసే ఉద్దేశం ఉన్నవారు మారే వడ్డీనే తీసుకోవచ్చు. ఎటు వెళ్లినా ముందస్తు చెల్లింపుకు జరిమానా ఉందా, స్థిర వడ్డీ అన్నది గడువు అంతటికీ వర్తిస్తుందా లేక మొదటి కొన్నేళ్లకేనా అన్నవి ఒప్పందంలో చదివి తెలుసుకోవాలి. నోటి మాట చెల్లదు.

చేతిలో మిగులు ఉంటే

కొన్నేళ్లు గడిచాక కొంత డబ్బు పోగుపడితే, దానితో అప్పు ముందుగా తీర్చాలా, రెండో ఆస్తి కొనాలా అన్న ప్రశ్న వస్తుంది. 8 శాతం అప్పును ముందుగా తీరిస్తే మనకు దక్కేది 8 శాతం. అందులో అనిశ్చితి ఏమీ లేదు. 4.6 శాతం నికర రాబడి ఇచ్చే రెండో ఇల్లు దానికి సరితూగాలంటే, అమ్మకం ఖర్చులు కాక, కనీసం 3.4 శాతం చొప్పున ఏటా దాని ధర పెరగాలి. పైగా శ్రద్ధ రెండు చోట్లకు పంచుకోవాలి. నా సలహా క్రమం ఇది: ముందు ఏడాది ఖర్చుల నిల్వ, తర్వాత అప్పును ఇల్లు మోయగల స్థాయికి తగ్గించడం, ఆ తర్వాతే రెండో ఆస్తి. నిల్వను మొదట ఉంచడానికి కారణం ఉంది. అప్పుకు జమ చేసిన డబ్బును అవసరం వచ్చినప్పుడు వెనక్కి ఇమ్మంటే చాలా ఒప్పందాల్లో బ్యాంకు ఇవ్వదు.

ఉంచుకోవాలా, అమ్మాలా?

అమ్మకం నిర్ణయంలో అడ్డు తగిలేది ఎప్పుడో కొన్న ధర. 100కు కొన్న ఇల్లు ఇవాళ 180 పలుకుతూ, నికరంగా 6 ఇస్తోందనుకుందాం. కొన్న ధరను, ఖర్చులను తలుచుకుంటే రాబడి 5.6 శాతంగా బాగానే కనబడుతుంది. కానీ ఇవాళ ఆ ఇంట్లో ఇరుక్కుని ఉన్నది 180. దాని మీద 6 అంటే 3.3 శాతమే. ధర పడిపోయిన ఆస్తికీ ఇదే వర్తిస్తుంది: కొన్న ధర వచ్చేదాకా అమ్మనని పట్టుబట్టేవారికి ఆ ధర తెలుసు గాని మార్కెట్టుకు తెలియదు.

అలాగని తక్కువ శాతం చూడగానే అమ్మేయడమూ తప్పే. అమ్మకపు ఖర్చులు, లాభం మీద పన్ను పోగా 180లో చేతికి 165 వచ్చిందనుకుందాం. దాన్ని 6 శాతం డిపాజిట్‌లో వేస్తే ఏటా 9.9 వస్తుంది. ఇల్లు ఇచ్చే 6కూ దీనికీ తేడా 3.9. అంటే ఇంటి ధర ఏటా 2.2 శాతం చొప్పున పెరిగితే చాలు, ఉంచుకోవడమే దాదాపు సమానమవుతుంది. ఆ మాత్రం పెరుగుదలకు ఆధారం కనబడుతుంటే, ఇల్లు తన ఖర్చు తాను భరిస్తుంటే, అమ్మవలసిన పని లేదు. ఆ ప్రాంతంలో ఉపాధి తగ్గుతూ, కట్టడం పాతబడి పెద్ద మరమ్మతు దగ్గరపడుతూ ఉంటే మరమ్మతు ఖర్చు మీద పడకముందే అమ్మడం మంచిది. రెండు మూడు ఆస్తులు ఉండి ఒకటి తగ్గించుకోవాలనుకుంటే, ఎక్కువ లాభం చూపుతున్నదాన్ని కాక, ఇవాళ్టి విలువ మీద తక్కువ రాబడి ఇస్తూ ఎక్కువ అప్పు మోస్తున్నదాన్ని ముందుగా అమ్మాలి. ఆ అమ్మకాన్ని కూడా అద్దెలు బాగా వస్తూ డబ్బు అవసరం లేని కాలంలోనే మొదలుపెట్టాలి. పత్రాల నకళ్లు, పన్ను రసీదులు, అద్దె ఒప్పందం సిద్ధంగా పెట్టుకుని ఆరు నెలల నుంచి ఏడాది వరకు సమయం ఇచ్చుకుంటే, తక్కువ ధర చెప్పినవారికి కుదరదని చెప్పి పంపగలిగే స్థితిలో ఉంటాం.